పగటికి ముందు వచ్చే రాత్రి

పోయిన ఆదివారం మా మనవరాలు స్నేహితుల్ని వెంటేసుకుని వికారాబాద్‌లో మా ఇంటికి వచ్చింది. అందరూ హైదరాబాద్ ఆఫీసుల్లో పనిచేసే పిల్లలే. వచ్చీ రాగానే హాల్లో కింద చతికిలబడి పడవ ప్రయాణానికి ప్లాను మొదలుపెట్టారు. ధారూర్ దాటాక ఉన్న ప్రాజెక్టు నీళ్ల మీద శనివారమంతా చిన్న చిన్న పడవల్లో తేలుతారట. తొందర అన్నది ఉండకూడదట. ఆకలైతే ఒడ్డున వండుకోవడం, నిద్రొస్తే టెంటు వేసుకుని పడుకోవడం. ఏమీ చేయకుండా ఉండడానికి ఇంత ప్లాను ఎందుకే అని అడిగితే అందరూ నవ్వారు. నేను వంటింట్లో కందిపప్పుకు పోపు వేస్తున్నాను. ఇంతలో ఒక పిల్లవాడు కొత్తగా కొన్న గాలిపరుపును నోటితో ఊదడం మొదలుపెట్టాడు. ఆ రబ్బరు వాసన పోపు వాసనను దాటుకుని వచ్చి నా ముక్కుకు తగిలింది. గరిటె చేతిలోనే ఉండిపోయింది, పోపు మాడింది.

అదే సమయానికి మనవరాలు ఫోను తెచ్చి నా ముందు పెట్టింది. ఆకాశంలోంచి తీసిన ఫోటో. పచ్చటి నీళ్లు, నీళ్ల మధ్యలో ఒక దిబ్బ, దిబ్బ మీద వేపచెట్టు.

"అమ్మమ్మా, నువ్వు పుట్టిన ఊరు ఇక్కడే కదా. ఈ దిబ్బ మీద టెంట్ వేస్తే మస్తుంటది."

"అక్కడ దిగకండి" అన్నాను.

పాములున్నాయా అని అడిగింది. పాములు కాదన్నాను. మరేమున్నాయంటే మాత్రం పొయ్యి వైపు తిరిగాను. అంత నవ్వుల మధ్య చెప్పే సంగతి కాదు. మాడిన పోపు పారబోసి ఇంకో పోపు పెట్టుకున్నాను. వాళ్లు తిని వెళ్లిపోయాక మాత్రం అదంతా నా ఎదుటికి వచ్చి కూర్చుంది.

మా ఊరి దగ్గర కట్ట కట్టి నీళ్లు ఆపినప్పుడు నేను చంకలో పిల్లను. నాకు బుద్ధి తెలిసేసరికే అక్కడ చెరువు ఉంది, అది ఎప్పటినుంచో ఉన్నదే అనుకునేదాన్ని. మా పక్కింటి నానీకి మాత్రం అది కొత్త చెరువు. ఆమె ఇల్లు, చేను, గేదెల కొట్టం అన్నీ ఆ నీళ్ల కిందే ఉన్నాయి. నీళ్లు రాకముందే వాళ్లు లేచొచ్చి మా గోడకు గోడ ఆనించి ఇల్లు కట్టుకున్నారు. ఊరు మొత్తం ఆమెను బూబమ్మ అనేది. ఆమె మనవరాలు నా ఈడుది, నాకు ప్రాణం. అది అమ్మమ్మను నానీ అంటే నేనూ నానీ అనేదాన్ని.

నానీ దగ్గర తమలపాకు, సున్నం, కొంచెం అత్తరు కలిసిన వాసన వచ్చేది. మధ్యాహ్నం మా ఇంటి జొన్నరొట్టె గోడ మీదుగా అటు పోయేది, అటునుంచి పుల్లటి పప్పు ఇటు వచ్చేది. మా నాయనమ్మ, నానీ ఇద్దరూ గోడకు చెరోవైపు పీట వేసుకుని, ఒకరి ముఖం ఒకరికి కనిపించకుండానే పొద్దంతా మాట్లాడుకునేవాళ్లు. కోడళ్ల మీద చాడీలు చెప్పుకునేటప్పుడు మాత్రం గొంతు తగ్గించేవాళ్లు. మేమిద్దరం అప్పుడే గోడ కిందికి చేరి చెవులు రిక్కించేవాళ్లం.

ఇక మా చిన్నాయన. ఆయన తాండూరులో బండల లారీలకు పంక్చర్లు వేసే షెడ్డులో పనిచేసేవాడు. చేసేవాడంటే, బుద్ధి పుట్టినప్పుడు చేసేవాడు. మిగతా రోజులు కనుబొమల మీద తెల్లటి బండల దుమ్ముతో, చేతులకు సొల్యూషన్ వాసనతో ఇంటికొచ్చి మంచం మీద పడి ప్లానులు వేసేవాడు. కోళ్ల ఫారం ప్లాను, పిండిగిర్ని ప్లాను, టూరింగ్ టాకీసు ప్లాను. ఒక్కటీ మంచం దిగలేదు. పెళ్లికి పిలిస్తే అప్పగింతలకు పోయేవాడు, బస్సుకు బయల్దేరితే బస్సు వెనక దుమ్ము చూసి వచ్చేవాడు. అయినా పిల్లలందరికీ ఆయనంటేనే ఇష్టం, ఎందుకంటే ఆయన ప్లానుల్లో పిల్లలకు ఎప్పుడూ చోటుండేది.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. చెరువు అంచుల దాకా నిండింది. అప్పుడు చిన్నాయనకు తెప్ప ప్లాను పుట్టింది. మా ముందరి గచ్చు మీద, తాండూరు బండ మీదే, బొగ్గుతో చెరువు బొమ్మ గీశాడు. పాత నులకమంచాన్ని తిరగేసి కింద నాలుగు లారీ ట్యూబులు కడతాడట. తూము దగ్గర ఎక్కి, గాలి ఎటు తోస్తే అటు పోవడమే. తెడ్లెందుకు, తెడ్డు పట్టుకుంటే అది కూలిపని అయిపోతుంది అనేవాడు. మధ్యాహ్నం చేపలు పట్టి తెప్ప మీదే కుంపటి పెట్టి వండడం, సాయంత్రానికి దిబ్బ చేరి వేపచెట్టు కింద గొంగడి పరచడం, తెల్లారాక ఏ వేళకు లేస్తే ఆ వేళకు మళ్లీ నీళ్ల మీదికి. మేమిద్దరం గచ్చు మీద బొమ్మ చుట్టూ కూర్చుని ఏ పచ్చడి తీసుకుపోవాలో కొట్లాడుకునేవాళ్లం.

మా నాయనమ్మకు ఒళ్లు మండేది. ఇంట్లో మంచం మీద పడుకున్నది చాలక నీళ్ల మీద కూడా పడుకుంటాడట అని గోడ అవతలికి వినిపించేలా అనేది. అన్నిటికంటే ఆమెకు మంచం తిరగేయడం గిట్టలేదు. ఇంట్లో మంచం బోర్లా పడితే అరిష్టమని ముట్టనివ్వలేదు. మేము ఊరుకుంటామా? ఆమె స్నానానికి పోయినప్పుడు కొట్టంలోని కుంటి మంచాన్ని ఈడ్చుకుపోయి జామచెట్టు వెనక దాచాం. ఒక రోజు చిన్నాయన తెచ్చిన ఒకే ఒక ట్యూబు మీద ఎక్కి వాన నీళ్ల గుంతలో తేలబోయి, నేను బోర్లాపడి కడుపునిండా ఆ మురికి నీళ్లు తాగాను. అమ్మ రెండు చెంపలూ వాయించింది. ఆ రబ్బరు వాసన వారం దాకా జుట్టులోంచి పోలేదు.

ఈ ముచ్చట్లన్నీ గోడ అవతల నానీ వింటూనే ఉంది. ఒక సాయంత్రం గోడ చుట్టూ తిరిగి మా గచ్చు మీదికి వచ్చింది. వచ్చి బొగ్గు బొమ్మలోని దిబ్బ దగ్గర వంగి కూర్చుంది. ఆ గుండ్రటి గీత మీద వేలు పెట్టి, చిన్నాయనను అడిగింది.

"బేటా, నన్ను గిక్కడికి తీస్కపోతవా?"

ఆ దిబ్బ మీద వేపచెట్టు మొదట్లో ఆమె పెద్ద కొడుకు ఉన్నాడు. ఏడెనిమిదేళ్లవాడు, ఏదో జ్వరం వచ్చి పోయాడట. అప్పుడు అది దిబ్బ కాదు, వాళ్ల చేను గట్టు. నీళ్లొస్తాయన్నప్పుడు సర్కారు మనుషులు వచ్చి కొలతలు వేసి, ఆ చోటు మునగదు, సమాధిని కదిలించే పనిలేదని చెప్పారు. నిజంగానే మునగలేదు. చుట్టూ నీళ్లు నిలబడ్డాయంతే.

షబే బరాత్ నాడు చనిపోయినవాళ్లు తమవాళ్ల కోసం ఎదురుచూస్తారని నానీ నమ్మకం. ఆ పొద్దు సమాధి దగ్గరికి పోయి వాళ్ల కోసం ఫాతెహా ప్రార్థన చదవాలి. వాళ్ల నెలలు చంద్రుణ్ణి పట్టుకుని నడుస్తాయి కనుక ఆ పండుగ ఏటేటా కొంచెం ముందుకు వచ్చేస్తూ ఉంటుంది. నేలమీద ఉన్నన్నాళ్లూ అది ఏ కాలంలో వచ్చినా ఆమెకు ఒకటే. చెరువొచ్చాక మాత్రం అది ప్రతి ఏడూ నిండు నీళ్లలోనే వచ్చింది. ఎండాకాలంలో ఒండ్రు ఎండినప్పుడు ఆమె నడిచిపోయి వచ్చేది, కానీ ఆ పోవడం వేరు, ఈ పోవడం వేరు అనేది. ఇంకొన్నేళ్లు ఆగితే పండుగే జరిగి జరిగి ఎండాకాలంలోకి వస్తుంది, అప్పుడు నడిచే పోవచ్చు కదా అని మా నాయన అన్నాడు.

"అప్పటిదాంక నేనుంటనా?" అంది నానీ. "పెద్దోళ్లయితే సమజ్ చేసుకుంటరు. వాడు చిన్నోడు. వానికి చెరువొచ్చిన సంగతి తెల్వది. అమ్మ మరిచిందనుకుంటడు."

తాండూరులో ఉండే ఆమె రెండో కొడుకు ఇంట్లోనే ఫాతెహా ఇస్తే చాలంటాడట. చెరువులో చేపలు పట్టేవాళ్లున్నారు గానీ వాళ్లు తలా ఒక బెండు మీద బోర్లా పడుకుని చేతులతో నీళ్లు తోసుకుంటూ పోతారు, ముసలామెను ఎక్కడ కూర్చోబెడతారు? ఉన్న ఆశంతా చిన్నాయన తెప్పే. ఆయన ఏ ప్లాను మంచం దిగింది కనుక?

చిన్నాయన మాత్రం తేలిగ్గా చెప్పేశాడు. "నేను తీస్కపోత చిన్నమ్మ. ఎప్పుడు పోవాలె?"

"బరాత్ రోజు. పొద్దుగూకకముందే అక్కడ ఉండాలె."

"క్యాలెండర్ చూస్కోని వస్త. నువ్వు ఫికర్ చేయకు."

నాయన ఉన్నాడు, నాయనమ్మ ఉంది, మేమున్నాం. అందరం విన్నాం, అందరం తలలూపాం. ఆ మాటలో తప్పేమీ ఎవరికీ కనబడలేదు.

ఆ తర్వాత చిన్నాయన నిజంగానే మారాడు. తాండూరు నుంచి వచ్చేవాళ్లతో కబురు మీద కబురు పంపేవాడు. మూడో ట్యూబు దొరికింది, నాలుగోదానికి అతుకు వేస్తున్నా, నులక తాడు కొన్నా. నాయనమ్మ నోరు మూసుకుంది. ఒకనాడు తనే జామచెట్టు వెనకకు పోయి, మేము దాచిన మంచం కోళ్లు ఊగుతున్నాయని మేకులు కొట్టి వచ్చింది.

పండుగ రోజు పొద్దున్నుంచే నానీ ఇంట్లో శనగపప్పు హల్వా వాసన. నెయ్యి, యాలకులు, వేగిన పప్పు. మధ్యాహ్నం అన్నానికి బడి నుంచి వచ్చేసరికి ఆమె తెల్లటి బట్టలు కట్టుకుని, బుట్టలో పూలు, ఊదుబత్తీలు, హల్వా గిన్నె సర్దుకుని గడపలో కూర్చుని ఉంది. ముగ్గురం చెరువు ఒడ్డుకు పోయాం. మంచం అంతకుముందే నాయన బండిలో వేసి ఒడ్డుకు చేర్చాడు. చిన్నాయన ట్యూబులతో మధ్యాహ్నం బస్సుకు దిగాలి.

మధ్యాహ్నం బస్సు వచ్చింది, పోయింది. సాయంత్రం బస్సు కూడా పోయింది. నానీ రోడ్డు వైపు చూడలేదు, దిబ్బ వైపే చూస్తూ కూర్చుంది. నేను ఆమె బదులు రోడ్డు వైపు చూశాను. వచ్చే ప్రతి మనిషీ దూరం నుంచి చిన్నాయనలాగే ఉన్నాడు. పొద్దు వాలుతుంటే వేపచెట్టు నీడ నీళ్ల మీద పొడుగ్గా మా వైపు సాగింది. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. ఈయన మా చిన్నాయన అయినందుకు సిగ్గేసింది. నానీ మనవరాలు నా చెయ్యి పట్టుకుంది. అది ఒక్క మాట అన్నా బాగుండేది.

చీకటి పడుతుండగా నాయన కందిలి పట్టుకుని మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చాడు. నేను చిన్నాయనను నోటికొచ్చినట్టు తిట్టబోతే నాయన ఆపాడు.

"వాన్నెందుకు తిడ్తవు? పండుగ రేపు గదా. మనింట్ల క్యాలెండర్ల రేపటి తారీఖు మీదనే ఉన్నది. రేపొస్తడు వాడు."

నానీ అప్పుడు తల తిప్పింది. నాయన ముఖంలోకి చూసింది. తర్వాత చిన్నగా, పిల్లలకు పాఠం చెప్పినట్టు చెప్పింది.

"మాకు పొద్దుగూకంగనే దినం మారుతది బేటా. రాత్రి ముందొస్తది, దాని పగలు ఎన్క వస్తది. రేపటి బరాత్‌కు రాత్రి ఇదే."

ఇన్నేళ్లు గోడకు గోడ ఆనించి బతికాం, వాళ్ల సేమ్యాలు తిన్నాం, వాళ్ల పీర్లకు దండం పెట్టాం, కానీ వాళ్ల రాత్రి ఎప్పుడు మొదలవుతుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలియదు. నాయన నీళ్ల వైపు చూశాడు, ఒడ్డున బోర్లా పడేసి ఉన్న మంచం వైపు చూశాడు. చేయగలిగింది ఏమీ లేదు. చేపలవాళ్లు కూడా ఇళ్లకు పోయారు.

నానీ ఒడ్డునే నిలబడి, రెండు చేతులు చాపి ఫాతెహా చదివింది. పూలు నీళ్లలో వేస్తే అవి దిబ్బ వైపు పోలేదు, గాలికి మళ్లీ మా కాళ్ల దగ్గరికే వచ్చాయి. తర్వాత గిన్నె విప్పి మా ముగ్గురి చేతుల్లో హల్వా పెట్టింది. తియ్యగా ఉంది.

ఆ రాత్రి పక్క మీద పడుకుని, చిన్నాయన ఎప్పటిలాగే బద్ధకం చేసి రేపు రాకుండా ఉండాలని దేవుడికి మొక్కుకున్నాను. దేవుడు వినలేదు. మర్నాడు మధ్యాహ్నం బస్సు టాపు మీద నాలుగు నల్లటి ట్యూబులు, వాటి మధ్య కూర్చుని చిన్నాయన. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అన్న మాట ప్రకారం, అన్న వేళకు వచ్చాడు. దిగుతూనే మమ్మల్ని కేకేసి పిలిచి, పంపుతో గాలి కొట్టి, మంచం కోళ్లకు ట్యూబులు బిగించాడు. ఒళ్లంతా చెమట. గాలికి వదిలేసి కూర్చుంటే ముసలామెకు ఆలస్యమవుతుందని రెండు తెడ్లు కూడా చెక్కించుకుని వచ్చాడు. ఆయనకు ఎవరు చెప్తారు? నాయన చెప్పలేదు. జీవితమంతా ఆయనను తిట్టిన నాయనమ్మ కూడా ఆ రోజు నోరు తెరవలేదు.

నానీ ఆ పగలు ఉపవాసం ఉంది. అట్లాగే నడుచుకుంటూ ఒడ్డుకు వచ్చింది. చిన్నాయన నీళ్లలో నడుముదాకా దిగి తెప్పను కదలకుండా పట్టుకుని, ఎక్కు చిన్నమ్మ, పొద్దుగూకకముందే చేరుస్త అన్నాడు. నానీ మంచం పట్టె మీద చెయ్యి వేసి చూసింది. ముడులన్నీ తడిమింది. మంచిగ కట్టినవు అంది. తర్వాత నిన్ననే అయిపోయిందని మెల్లగా చెప్పింది, ఎట్లా అయిపోయిందో కూడా చెప్పింది. చిన్నాయన ఒడ్డుకొచ్చి కూర్చుని, తడిసిన లుంగీతో ముఖం కప్పుకున్నాడు. నానీయే ఆయన పక్కన కూర్చుని వీపు నిమిరింది.

ఆమె మాత్రం తెప్ప ఎక్కలేదు. కట్టింది దండగ కావద్దు, పిల్లలను తిప్పుకొని రా అంది. ఎన్నో రోజులుగా కలలు కన్న ప్రయాణం మాకు అట్లా దొరికింది. పచ్చడి లేదు, కుంపటి లేదు. బయల్దేరేముందు నానీ మమ్మల్ని పిలిచి ఒక్కటే చెప్పింది.

"దిబ్బ మీద దిగకుండ్రి. మీరు కనవడితే, అమ్మ ఏది అని అడుగుతడు."

మేము దిబ్బ చుట్టూ తిరిగాం. వేపచెట్టు కొమ్మలు మా తలల మీదికి వంగి ఉన్నాయి. చిన్నాయన తెడ్డు శబ్దం కాకుండా వేస్తున్నాడు. మేమిద్దరం తలలు దించుకుని, చెట్టు మొదటి వైపు చూడకుండా వెనక్కి వచ్చాం.

వచ్చే ఏడు ఒక రోజు ముందే వస్తానని చిన్నాయన ఒట్టు పెట్టుకున్నాడు. ఆ చలికాలంలోనే రెండో కొడుకు వచ్చి నానీని, మనవరాలిని తాండూరుకు తీసుకుపోయాడు. మళ్లీ పండుగ రాకముందే నానీ పోయింది. అక్కడే తాండూరులో, బండల గనుల దాపున మట్టి చేశారు. తల్లి అక్కడ, కొడుకు ఇక్కడ. నా స్నేహితురాలిని మళ్లీ చూడలేదు. ట్యూబులు కొట్టంలో పగుళ్లు పట్టాయి, మంచం కోళ్లు నాయనమ్మ నీళ్ల పొయ్యిలో కాలిపోయాయి. చిన్నాయన ఇక ఏ ప్లానూ వేయలేదు. కానీ ఎవరి పెళ్లికి పిలిచినా ముందు రోజే పోయి కూర్చునేవాడు. బస్సుకు గంటల ముందే పోయి నిలబడేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నాకు మాత్రం నవ్వు రాలేదు, ఆయన బతికున్నన్నాళ్లూ రాలేదు.

పిల్లలు వెళ్లిపోయిన మర్నాడు వంటింట్లో క్యాలెండర్ చూశాను. శనివారం గడిలో అడుగున చిన్న అక్షరాలతో షబే బరాత్ అని ఉంది. మనవరాలికి ఫోన్ చేసి, శుక్రవారం సాయంత్రానికే రాలేరా అని అడిగాను. ఆఫీసుంది అమ్మమ్మా, లీవు దొరకదు అంది. ఎందుకని అడగలేదు, నేనూ చెప్పలేదు. దిబ్బ మీద మాత్రం దిగకండి అని మళ్లీ చెప్పాను. అక్కడ ఎట్లాగూ దిగనివ్వరట, లైఫ్ జాకెట్ వేసి ఒడ్డు దగ్గరే తిప్పుతారట.

శుక్రవారం మధ్యాహ్నం శనగపప్పు ఉడకబెట్టి, నెయ్యిలో వేయించి, స్టీలు డబ్బాలో పెట్టుకుని ధారూర్ బస్సెక్కాను. అక్కడినుంచి ఆటో. మోకాళ్లు పట్టేశాయి, ఒడ్డు దిగడానికి ఆటో పిల్లవాడి భుజం పట్టుకోవాల్సి వచ్చింది. ఎర్రవీ పచ్చవీ ప్లాస్టిక్ పడవలన్నీ కడిగి బోర్లించి ఉన్నాయి. గేటు దగ్గర టికెట్లు ఇచ్చే అతను తాళం వేస్తూ నన్ను చూశాడు.

"ఇయ్యాల బంద్ అయింది పెద్దమ్మా. రేపు రా, పొద్దంత తిప్పుతరు."

రేపు కాదు నాయనా అని నోటిదాకా వచ్చింది. డబ్బా మూత తీసి అతని చేతిలో కొంచెం హల్వా పెట్టాను, ఆటో పిల్లవాడికి కొంచెం పెట్టాను. ఫాతెహా నాకు రాదు. ఊరికే చేతులు కట్టుకుని నిలబడ్డాను. వేపచెట్టు ఇప్పుడు బాగా పెద్దదైంది, దాని నీడ నీళ్ల మీద సాగి సాగి ఒడ్డుకు కొంచెం దూరంలో ఆగిపోయింది. నానీ నిలబడిందీ ఇంతవరకే. వాడికి చెరువొచ్చిన సంగతి ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు.